బ్రేక్ లైటు ఆరడానికి నెలన్నర పట్టింది (నా అనుభవం)

ఇవాళ పొద్దున తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగింది, ఇంజన్ స్టార్ట్ అవగానే ఆరిపోయింది. ఆరిపోవడమే వార్త అండీ. నెలన్నరగా నా పికప్ మీటర్లో ఆ బ్రేక్ లైటు ఆరితే ఒట్టు.

మొదట్లో మలుపుల్లో, గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు మిణుక్కుమనేది, తర్వాత పర్మనెంటుగా సెటిలైపోయింది. పెడల్ గట్టిగానే ఉంది, చక్రాల దగ్గర తడి లేదు. (మీ పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంటే నా కథ తర్వాత చదువుకోండి, ముందు బండి పక్కన పెట్టండి.) బానెట్ ఎత్తితే బ్రేక్ ఆయిల్ మ్యాక్స్ గీతకి కాస్త కిందే ఉంది. హ్యాండ్‌బ్రేక్ స్విచ్ వైరు పీకి చూశా, అయినా వెలుగుతోంది, అంటే అది కాదు. అరగంట పని. ఇంకో అయిదు నిమిషాలు ఓపిక పట్టి ఆయిల్ డబ్బా పక్కనున్న కనెక్టర్ కూడా పీకి చూసుంటే సరిపోయేది, నా బద్ధకం కొద్దీ షెడ్డుకి తీసుకెళ్లా.

"హ్యాండ్‌బ్రేక్ దించారా సార్?" అన్నాడు మెకానిక్. దించానండీ, దాని స్విచ్ కూడా పీకి చూశానన్నా. విననట్టే కుర్రాణ్ణి పిలిచి, "ఒరేయ్, సార్ హ్యాండ్‌బ్రేక్ దించారో లేదో చూడు" అన్నాడు. అక్కడ కూర్చున్న ముగ్గురూ నవ్వారు. ఇరవై ఏళ్లుగా లోడు బండి తోలుతున్నా, ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టకుండా గేర్ల మీద దించే మనిషిని, నాకా ఆ మాట! కుర్రాడు చూసొచ్చి "దించే ఉందన్నా" అన్నాడు, అప్పుడు మాత్రం ఎవడూ నవ్వలేదు.

ప్యాడ్లు అరిగితే ఆయిల్ లెవెల్ దిగి లైటొస్తుంది సార్ అని ప్యాడ్లు మార్చాడు. ఆ మాట నిజమే, కానీ నా ఆయిల్ దిగలేదు కదా అంటే సమాధానం లేదు. లైటు అలాగే ఉంది. వారం తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది, ఆయిల్ డబ్బా దాని మీదే ఉంటుంది) మార్చాడు. అలాగే ఉంది. మూడోసారి వెళ్తే నవ్వుతూ "అదంతే సార్, బల్బు పీకేయమంటారా, మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. రేపు నిజంగా ఎక్కడో పైపు కారి ఆయిల్ పోతే చెప్పేది ఆ ఒక్క బల్బే కదా, దాన్ని పీకమనేవాడికి బండి ఎలా ఇస్తాం చెప్పండి. డబ్బులిచ్చి నోరు మూసుకుని వచ్చేశా, అదే ఇప్పటికీ మండుతోంది.

ఇంటికొచ్చి కోపంతో స్క్రూడ్రైవర్ పిడి పెట్టి ఆయిల్ డబ్బాని టకటకా కొట్టా. లైటు ఆరింది! రెండు నిమిషాలకి మళ్లీ వెలిగింది. డబ్బా కనెక్టర్ పీకా, ఆరింది, పెట్టా, వెలిగింది. లోపల ఆయిల్ మీద తేలే చిన్న బెండుకి అయస్కాంతం ఉంటుంది, ఆయిల్ తగ్గితే బెండు కిందికొచ్చి స్విచ్ కలుస్తుంది, లైటొస్తుంది. నా బెండు ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చి బరువెక్కి మునిగిపోయింది, ఇంక ఆయిల్ ఎంతుంటే దానికేంటి. మరి సిలిండర్ కొత్తది కదా అంటారా? అయ్యగారు సిలిండర్ కొత్తది వేసి, పైన ప్లాస్టిక్ డబ్బా మాత్రం పాతదే పీకి పెట్టాడు. దాన్ని చేత్తో పట్టుకుని పీకినవాడికి లోపల బెండు కనపడలేదు.

కొత్త డబ్బా నేనే వేసుకుని, మా తమ్ముడు పెడల్ తొక్కుతుంటే నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీశా. తీసిన పాత ఆయిల్ మళ్లీ పోయకండి, అది తేమ పీల్చుకుంటుంది, కొత్త డాట్ 3 (బ్రేక్ ఆయిల్‌లో ఒక రకం) ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క, తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది, ఘాట్‌లో లోడుతో దిగేవాళ్లకి తేడా తెలుస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, నా బండికి అరచేయంత పెయింట్ లేచిపోయింది.

పాత డబ్బా పారేయలేదు. సీటు వెనకాలే ఉంది, ఆ షెడ్డు వైపు పని పడిన రోజు పట్టుకెళ్లి ఆ ముగ్గురూ ఉన్నప్పుడే బల్ల మీద పెడతా.