పీపీపీఓఈ నెట్‌లో టీవీ చానళ్లు: కాపీలు ఎక్కడ తీస్తున్నారో ముందు చూసుకోండి

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు పాలమూరు వైపు కూడా కేబుల్ నడిపే అన్నలు చాలామంది ఇప్పుడు నెట్ కూడా నడుపుతున్నారు. అదే ఫైబర్, అదే ఆఫీసు, పొద్దున బిల్లులు వసూలు చేసిన పిల్లోడే సాయంత్రం స్ప్లైసింగ్ మెషీన్ పట్టుకుని స్తంభం కింద కూర్చుంటాడు. ఎవరిని కలిసినా ఒకటే అడుగుతారు: "అన్నా, హెడ్‌ఎండ్‌ల చానళ్లు ఉండనే ఉన్నయ్, గవే నెట్ల ఇడిస్తే అయిపోతది గదా?"

అయిపోతది, హెడ్‌ఎండ్ అంటే చానళ్లను పట్టి కేబుల్‌లోకి వదిలే చోటే కదా. లైసెన్సు, ఎన్‌క్రిప్షన్ సంగతి వేరే కథ, అది పక్కన పెడుతున్నా. రౌటర్ మీద మల్టీకాస్ట్ (ఒక్క స్ట్రీమ్ పంపి, అడిగినవాళ్లకు దారిలో కాపీలు తీసివ్వడం) ఆన్ చేయడం పెద్ద పనేం కాదు, పది పన్నెండు లైన్ల కాన్ఫిగ్. తలనొప్పంతా ఆ స్ట్రీమ్‌కు కాపీలు ఏ డబ్బాలో తీస్తున్నామన్న దగ్గరే ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు.

లెక్క చూడండి. ఒక హెచ్‌డీ చానల్ 6 ఎంబీపీఎస్ అనుకుందాం. క్రికెట్ మ్యాచ్ రోజు వెయ్యి ఇళ్లు అదే చానల్ పెడితే, ఇంటికొకటి విడిగా పంపితే 6 జీబీపీఎస్. మల్టీకాస్ట్‌లో అయితే లింకు మీద పోయేది ఒక్కటే 6 ఎంబీపీఎస్, ఇళ్లు వెయ్యి ఉన్నా పదివేలు ఉన్నా. మొత్తం 200 చానళ్లు, సగటున నాలుగేసి ఎంబీపీఎస్ వేసుకున్నా 800 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి పెరగడానికి చానళ్లే లేవు. జీపాన్ (ఒక ఫైబర్‌ను స్ప్లిటర్‌తో చాలా ఇళ్లకు పంచే పద్ధతి) పోర్టులో కిందికి, అంటే ఇళ్ల వైపు, సుమారు 2.5 జీబీపీఎస్ ఉంటుంది కాబట్టి అన్ని చానళ్లూ ఒకేసారి ఎవరో ఒకరు చూస్తున్నా నెట్‌కు ఇంకా సగానికి పైగా మిగులుతుంది.

ఈ లెక్క చూసే అందరూ మురిసిపోతారు. మన దగ్గర నెట్ నడిచేది మాత్రం ఎక్కువగా పీపీపీఓఈ మీద. 1999లో రాసిన పద్ధతి అది, ప్రతి కస్టమర్‌కు రౌటర్‌తో ఒక సొంత సెషన్, దానికో నంబరు, ప్రతి ప్యాకెట్టూ ఆ ఇంటి మ్యాక్ అడ్రసుకే పోతుంది. అందులోకి మల్టీకాస్ట్ వదిలితే ఏమవుతుంది? హెడ్‌ఎండ్ నుంచి ఒక్క కాపీనే వస్తుంది, మన బీఎన్‌జీ రౌటర్ (కస్టమర్ సెషన్లన్నీ వచ్చి కలిసేది) దాన్ని ఎన్ని సెషన్లు అడిగితే అన్నిసార్లు విడివిడిగా చుట్టి కిందికి పంపుతుంది. వెయ్యి ఇళ్లకు మళ్లీ అదే 6 జీబీపీఎస్. పేరుకు మల్టీకాస్ట్, కింద ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లు వచ్చి కలిసే మన వైపు డబ్బా) అప్‌లింక్ మీద పోయేదంతా ఇంటికొకటి విడిగా పంపే మామూలు యూనికాస్టే. గడియారం సెంటర్‌లో వెయ్యి జిరాక్సులు తీసి బస్సుకెత్తి దేవరకొండ పంపినట్టు, ఒక్క కాగితం పంపి అక్కడే తీసుకుంటే పోయేదానికి.

అందుకని నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, టీవీని పీపీపీఓఈ లోపల పెట్టకండి. నెట్‌కు ఉన్న వీల్యాన్ (అదే ఫైబర్ మీద విడిగా తీసిన దారి) అట్లనే ఉండనీయండి, చానళ్లకు ఇంకో వీల్యాన్ తీసి ఓఎల్‌టీలో దాన్ని మల్టీకాస్ట్ వీల్యాన్‌గా పెట్టండి. ఇంట్లో ఫైబర్ వచ్చి దిగే ఓఎన్‌టీ డబ్బా మీద ఒక ల్యాన్ పోర్టును నేరుగా ఆ వీల్యాన్‌కు బ్రిడ్జ్ చేసి సెట్‌టాప్ బాక్సుకు ఇస్తే, బాక్సు పంపే ఐజీఎంపీ జాయిన్, అంటే ఈ చానల్ కావాలన్న మాట, పీపీపీఓఈ బయటే పోతుంది, ఓఎల్‌టీ దాన్ని చూస్తుంది, ఏ పాన్ పోర్టు వాళ్లు అడిగారో అక్కడికే వదులుతుంది. జీపాన్‌లో కిందికి పోయే వెలుగు స్ప్లిటర్ దాటాక ఎలాగూ అన్ని ఇళ్లకూ చేరుతుంది కదా, 64 ఇళ్లకు ఒక్క కాపీ చాలు. జాయిన్ పీపీపీఓఈ సెషన్ లోపల పోతే మామూలుగా ఓఎల్‌టీ దాన్ని విప్పి చూడదు, దానికి అది కూడా ఇంకో ప్యాకెట్టు అంతే.

పెద్ద రౌటర్లలో మధ్యేమార్గం కూడా ఉంది. జూనిపర్ ఎంఎక్స్‌లో ఓఐఎఫ్ మ్యాప్ అంటారు, జాయిన్ కస్టమర్ సెషన్ మీద వచ్చినా స్ట్రీమ్ మాత్రం మల్టీకాస్ట్ వీల్యాన్ మీద బయటికి పోతుంది. కస్టమర్ లాగిన్ కాగానే వేసుకునే డైనమిక్ ప్రొఫైల్‌లో ఐజీఎంపీ ఆన్ చేసి ఈ మ్యాప్ తగిలిస్తే చాలు, ఒక్కో కస్టమర్‌కు చేత్తో రాసే పని లేదు. మైక్రోటిక్ రౌటర్ల మీద నడిపేవాళ్లకు, ఇళ్ల జాయిన్లను తన పేరుతో పైకి అడిగే ఐజీఎంపీ ప్రాక్సీ సరిపోతుంది. పాత 6వ వెర్షన్‌లో మల్టీకాస్ట్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి, ఇంకా అప్‌స్ట్రీమ్ ఇంటర్‌ఫేస్‌లో హెడ్‌ఎండ్ సబ్‌నెట్‌ను ఆల్టర్నేటివ్ సబ్‌నెట్స్ దగ్గర రాయాలి. అది రాయకపోతే జాయిన్లన్నీ కనిపిస్తాయి, బొమ్మ మాత్రం రాదు.

హెడ్‌ఎండ్ నుంచి బీఎన్‌జీ దాకా, రౌటర్లు ఒకదాన్నొకటి స్ట్రీమ్ అడిగే పిమ్ స్పార్స్ మోడ్ పెట్టండి. బాక్సులు ఐజీఎంపీ మూడో వెర్షన్ మాట్లాడితే ఎస్‌ఎస్‌ఎం (ఏ సోర్సు నుంచి కావాలో బాక్సే చెప్పే పద్ధతి) పెట్టుకోండి, 232తో మొదలయ్యే అడ్రసులు, సోర్సునూ చూసేవాళ్లనూ కలిపే ఆర్‌పీ రౌటర్ గొడవే ఉండదు. చవక బాక్సులు రెండో వెర్షన్ దగ్గరే ఉంటే రౌటర్‌లో ఏ గ్రూపు (చానల్‌కు ఇచ్చిన మల్టీకాస్ట్ అడ్రసు) ఏ సోర్సుదో మ్యాప్ రాసుకోవచ్చు, లేదా 239 అడ్రసులు వాడి హెడ్‌ఎండ్ పక్కనున్న రౌటర్‌నే ఆర్‌పీ చేయొచ్చు. మన జిల్లాల్లో రోడ్డు తవ్వకాలకు ఫైబర్ తెగడం మామూలే కాబట్టి అందరూ రింగు వేస్తారు, ఇటు మిర్యాలగూడ మీదుగా ఒక దారి, అటు దేవరకొండ మీదుగా ఇంకోటి. ఇక్కడ ఆర్‌పీఎఫ్ అనే తనిఖీ గుర్తుంచుకోవాలి. సోర్సుకు వెళ్లే రూటు ఏ ఇంటర్‌ఫేస్ చూపిస్తే స్ట్రీమ్ కూడా అటునుంచే రావాలి, వేరే వైపు నుంచి వస్తే రౌటర్ నోరు మూసుకుని పారేస్తుంది. పింగ్ బాగుంటుంది, నెట్ బాగుంటుంది, టీవీ ఒక్కటే రాదు. రింగులో రెండు వైపులా పిమ్ ఆన్ అయి ఉందా, రూటు మారినప్పుడు పిమ్ నైబర్ కూడా అటు ఉందా అన్నది ఫైబర్ తెగక ముందే చూసి పెట్టుకోవాలి.

ఇంకోటి, నాలుగు నిమిషాల రోగం. చానల్ పెట్టగానే బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోతుంది, చానల్ మార్చి మళ్లీ పెడితే మళ్లీ వస్తుంది. కస్టమర్ బాక్సును తిడతాడు, పిల్లోడు బాక్సు మారుస్తాడు, అయినా అదే కథ. కారణం ఏంటంటే ఆ వీల్యాన్‌లో ఐజీఎంపీ క్వెరియర్ లేదు. మామూలుగా రౌటర్ 125 సెకన్లకోసారి "ఎవరైనా చూస్తున్నారా" అని అడగాలి, బాక్సు జవాబివ్వాలి. అడిగేవాళ్లే లేకపోతే బాక్సు జవాబివ్వదు, స్నూపింగ్ చేసే, అంటే జాయిన్లను గమనించి ఏ పోర్టుకు ఏది వదలాలో చూసుకునే, స్విచ్చు 260 సెకన్ల దాకా చూసి పేరు కొట్టేస్తుంది. ఎవరైనా నాలుగైదు నిమిషాలకు ఆగుతున్నది అన్నారంటే బాక్సు వైపు చూడొద్దు, క్వెరియర్ ఏదో వెతకండి. కొన్ని ఓఎల్‌టీలు 0.0.0.0 అడ్రసుతో అడుగుతాయి, దాన్ని పట్టించుకోని బాక్సులూ ఉన్నాయి, క్వెరియర్‌కు నిజమైన ఐపీ ఇచ్చేస్తే పోతుంది.

చానళ్లకు అడ్రసులు ఇచ్చేటప్పుడు 239.0.0 నుంచి మొదలుపెట్టే అలవాటు మానుకోండి. గ్రూపు అడ్రసులో చివరి 23 బిట్లే మ్యాక్ అడ్రసులోకి పోతాయి కాబట్టి 32 గ్రూపులకు ఒకే మ్యాక్ వస్తుంది. 239.0.0.5 అనే చానల్ మ్యాక్, రౌటర్లు రూట్లు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ వాడే 224.0.0.5 మ్యాక్ ఒకటే. 224.0.0 రేంజిని స్విచ్చులు అన్ని పోర్టులకూ వదలాలి, దాంతో ఆ చానల్ కూడా అడగని ఇంటికి పోతుంది. 239.128.0 కూడా అంతే. 239.10.1 లాంటిది తీసుకుంటే ఈ గోల ఉండదు.

చానల్ మార్చడం గురించి మాట వస్తూనే ఉంటుంది, "డిష్ కంటే లేటుగా మారుతుంది" అని. జాయిన్ పోయి స్ట్రీమ్ రావడానికి పట్టేది మిల్లీసెకన్లే. మిగతా టైమంతా బాక్సు పూర్తి ఫ్రేమ్ కోసం ఆగడం వల్ల పోతుంది, అది ఎన్‌కోడర్‌లో సరిచేయాల్సిన సంగతి, రౌటర్‌లో కాదు. రౌటర్ వైపు చూడాల్సింది పాత చానల్ వదలడం. లీవ్, అంటే ఈ చానల్ ఇక వద్దన్న మాట, వచ్చాక రౌటర్ ఇంకెవరైనా ఉన్నారా అని అడిగి రెండు సెకన్లు ఆగుతుంది, ఆలోపు రిమోట్ టకటకా నొక్కేవాళ్ల ఇంటికి మూడు నాలుగు చానళ్లు ఒకేసారి పోతుంటాయి. అడగకుండా వెంటనే ఆపేసే ఇమీడియట్ లీవ్ పెడితే ఇది పోతుంది గానీ, రెండో వెర్షన్ బాక్సులు ఒకే ఇంట్లో రెండుంటే కింద హాల్లో అత్తమ్మ సీరియల్ చూస్తుండగా పై గదిలో అదే చానల్ మార్చినవాడి లీవ్‌తో కిందది కూడా ఆగుతుంది. అప్పుడు వచ్చే ఫోన్ మీరు ఎత్తుతారా, పిల్లోడు ఎత్తుతాడా ముందే అనుకోండి. మూడో వెర్షన్ ఉంటే బాక్సు బాక్సుకూ లెక్క పెట్టుకునే ఎక్స్‌ప్లిసిట్ ట్రాకింగ్ ఆన్ చేయడమే సరైన దారి.

ఫిల్టర్ మాత్రం మొదటి రోజే వేయండి. ఇళ్లలో ఫోన్లు, కంప్యూటర్లు 239.255.255.250కి ఊరికే జాయిన్ అవుతుంటాయి, రౌటర్ టేబుల్ నిండా అదే చెత్త. మన చానళ్ల రేంజి ఒక్కటే రానిచ్చి, ఒక్కో ఇంటికి ఇన్ని గ్రూపులని హద్దు పెట్టి, కస్టమర్ వైపు నుంచి స్ట్రీమ్ పైకి రాకుండా ఆపేయాలి. క్యూలో టీవీకి నెట్ కంటే ముందు చోటివ్వాలి, యూడీపీ కదా, పోయిన ప్యాకెట్టు మళ్లీ రాదు, బొమ్మ మీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. కొందరు ఎంటీయూ (ప్యాకెట్టు గరిష్ఠ సైజు) మీద అనుమానపడతారు. టీవీ స్ట్రీమ్‌లోని 188 బైట్ల ముక్కలు ఏడు కలిపితే 1316, హెడర్లతో 1344, పీపీపీఓఈలోని 1492లో కూడా హాయిగా పడుతుంది. తప్పు అక్కడ ఉండదు.

వైఫై మీద బాక్సు పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను. వైఫైలో మల్టీకాస్ట్ అన్నిటికంటే తక్కువ స్పీడు రేటులో పోతుంది, అందిందన్న జవాబు కూడా ఉండదు, పక్క గదిలోనే బొమ్మ పగిలిపోతుంది. యాక్సెస్ పాయింట్ దాన్ని యూనికాస్ట్‌గా మార్చే రకమైతే సరే, లేకపోతే వైరు లాగాల్సిందే. కొత్త ఇంటి గోడకు డ్రిల్ వేయనీయమంటే ఫాల్స్ సీలింగ్ పైనుంచి లాగండి.

ఇదంతా చదివి రేపే మొదలుపెట్టేముందు ఒక్క మాట, సొంత హెడ్‌ఎండ్ లేని నాలుగైదు వందల కనెక్షన్ల అన్నలకు నేను ఇది వద్దనే చెబుతా. యూట్యూబ్, ఓటీటీలు, ఫోన్‌లో చూసే మ్యాచ్, ఇవన్నీ ఎవరికి వారు అడిగే యూనికాస్ట్ స్ట్రీములు, మన రౌటర్‌లో ఎంత మల్టీకాస్ట్ పెట్టినా వాటికి రూపాయి లాభం లేదు. అప్‌లింక్ నిండిపోతున్నది వాటితో అయితే పైనున్న ప్రొవైడర్ దగ్గర క్యాష్ ట్రాఫిక్ (దగ్గర్లో నిల్వ పెట్టిన వీడియోల నుంచి వచ్చేది) విడిగా, చవకగా ఇస్తాడేమో అడగండి, ఆ డబ్బుతో ఓఎల్‌టీకి ఇంకో 10జీ కార్డు వస్తుంది.