తలసరి వైద్య ఖర్చులో మా జిల్లా వాటా ఎంత?

2015-16లో బీహార్‌లో ఒక్కో మనిషి ఆరోగ్యం కోసం ప్రభుత్వం ఏడాదికి పెట్టిన ఖర్చు 491 రూపాయలు. అదే ఏడాది హిమాచల్ ప్రదేశ్‌లో 2,667, మిజోరంలో ఏకంగా 5,862. మనవైపు చూస్తే తెలంగాణ 1,322, ఆంధ్రప్రదేశ్ 1,013. కేంద్రం వేసిన నేషనల్ హెల్త్ ప్రొఫైల్‌లోని అంకెలివి. పాతవే, ఆ తర్వాత అన్నిచోట్లా ఖర్చు పెరిగింది, కానీ ఒకే దేశంలో పుట్టిన ఇద్దరు పిల్లల మధ్య ఇంత తేడా ఉండొచ్చా అన్న ప్రశ్న మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

మిజోరం అంకె చూసి కంగారు పడక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నది పదకొండు లక్షల మంది, అదీ కొండల మీద చెదురుమదురుగా. ఊరు చిన్నదైనా నర్సు జీతం నర్సు జీతమే కదా, ఆ ఖర్చు తక్కువ తలల మీద పడుతుంది కాబట్టి తలసరి లెక్క పెరుగుతుంది. పైగా ఈశాన్య రాష్ట్రాలకు జాతీయ ఆరోగ్య మిషన్ డబ్బులో తొంభై శాతం కేంద్రమే ఇస్తుంది, మనకైతే అరవై. మైదానంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయితే కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికే ఒకటి ఉండాలన్న నిబంధన కూడా ఇందుకే పెట్టారు. అంటే కొన్నిచోట్ల మనిషికి ఎక్కువ ఖర్చు పెడితేనే సమానమైన వైద్యం అందుతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

డబ్బు ఎక్కువ పెట్టినంత మాత్రాన అంతా బాగుపడదని కూడా తెలుసు. 2015-16లో తమిళనాడు తలసరి 1,235, తెలంగాణ కంటే తక్కువే. 2016లో వెయ్యి మంది శిశువులకు తమిళనాడులో 17 మంది ఏడాది నిండకుండా చనిపోతే తెలంగాణలో 31 మంది, ఆంధ్రాలో 34 మంది పోయారు. తమిళనాడులో మందుల కొనుగోలుకు 1994 నుంచే ఒక కార్పొరేషన్ ఉంది, ప్రజారోగ్యానికి విడిగా సిబ్బంది ఉన్నారు, 1939 నుంచి దానికో చట్టమే ఉంది. ఇలాంటి పునాది ఒక్క బడ్జెట్‌తో రాదు.

అయినా డబ్బు లెక్క ముఖ్యమే అంటాను. ఎందుకంటే ఆరోగ్య ఖర్చులో పెద్ద భాగం జీతాలు. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, డాక్టర్ పోస్టు ఖాళీగా ఉంటే ఆ జీతం డబ్బు ఖర్చు కాకుండా మిగిలిపోతుంది, దాంతో ఏడాది చివర్లో అక్కడి తలసరి ఖర్చు తగ్గిపోతుంది, డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడే నగరంలో పెరుగుతుంది. అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే ఖర్చు తక్కువ కావడం వెనక ఎవరి కుట్రా ఉండక్కర్లేదు, ఖాళీలు నింపకుండా వదిలేస్తే చాలు, దానంతట అదే జరిగిపోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎంతోమంది ప్రాణాలు కాపాడింది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ డబ్బు వెళ్లేది ఆసుపత్రులు ఉన్నచోటికి, అవి ఉన్నది ఎక్కువగా పెద్ద ఊళ్లలో.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూస్తూ పెరిగినవాళ్లం. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించే దాకా జబ్బు ముదిరితే విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి పరిగెత్తడమే. రాను పోను చార్జీలు, తోడు వెళ్లినవాళ్ల కూలి, అక్కడ తిండి, ఇవేవీ ఏ ప్రభుత్వ లెక్కలోకీ రావు. పాడేరు వైపు గర్భిణులను ఇంకా డోలీలో మోసుకొస్తున్నారంటే ఆ మండలంలో మనిషికి ఎంత ఖర్చు పెడుతున్నారో అడగాలి కదా! రాష్ట్రాల సగటు గురించి వాదించుకోవడానికి టీవీల్లో బోలెడంత మంది ఉన్నారు, జిల్లాల అంకెలు అడిగేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

ఈ లెక్క తీయడం తేలిక కాదు, నిజమే. కేజీహెచ్ ఖర్చంతా విశాఖ ఖాతాలో రాస్తే తప్పు, అక్కడి మంచాల మీద ఉత్తరాంధ్రవాళ్లు, ఒడిశావాళ్లు కూడా ఉంటారు. కానీ ఓపీ చీటీలో రోగి ఊరు ఉంటుంది, ఆరోగ్యశ్రీ క్లెయిముల్లోనూ ఉంటుంది, జీతాలు ఏ పీహెచ్‌సీకి ఎంత వెళ్లాయో ట్రెజరీకి తెలుసు. వీటిని కలిపితే చాలు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ముందే ఉన్న లండన్ వైపుకే డబ్బు ఎక్కువ పోతోందని గుర్తించి, ఏ ప్రాంతంలో జనం ఎంత, వాళ్ల వయసెంత, మరణాలెన్ని అన్నది చూసి పంచాలని 1976లోనే ఒక కమిటీ చెప్పింది, ఆ పద్ధతినే పట్టుకుని ఏళ్ల తరబడి మెల్లమెల్లగా తేడా తగ్గించారు. మన రెండు రాష్ట్రాలూ బడ్జెట్ పుస్తకాలతో పాటు జిల్లాల వారీగా తలసరి ఆరోగ్య ఖర్చు, పక్కనే ఖాళీ పోస్టుల సంఖ్య, శిశు మరణాల సంఖ్య వేసి ఒక పట్టిక ఏటా అసెంబ్లీలో పెట్టాలి. మీ ఎమ్మెల్యే దొరికితే ముందు ఇదే అడగండి.