స్కానింగ్‌లో కనబడని దెబ్బ

ఆటలో కాలు విరిగితే కట్టు కడతారు. ఆ కట్టు చూసి ఇంట్లోవాళ్ళూ స్నేహితులూ పరామర్శిస్తారు. తలకు తగిలి కంకషన్ అయితే, అంటే కుదుపుకు మెదడు అదిరితే, అటువంటి ఆనవాలేదీ ఉండదు. బెంగళూరు మారతహళ్ళిలో మా పక్క వీధిలోనే ఉంటున్న మా అక్క కూతురికి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బంతి కోసం ఎగిరినప్పుడు ఎదుటి అమ్మాయి తల కణతకు తగిలింది. ఆ తరువాతి వారాలను దగ్గరుండి చూశాను కనుక, ఆ వయసు క్రీడాకారులు లోలోపల ఏమి అనుభవిస్తారో రాయాలనిపించింది.

స్పృహ తప్పలేదు కాబట్టి పెద్ద దెబ్బ కాదని అందరూ అనుకున్నారు. నిజానికి కంకషన్ అయినవారిలో ఎక్కువమంది అసలు స్పృహ కోల్పోరు. తల ఒక్కసారిగా కుదుపుకు లోనైతే పుర్రెలోని మెదడు అదిరి, నాడీకణాల పనితీరు కొంతకాలం దెబ్బతింటుంది. ఎముక విరగడం, రక్తం గడ్డకట్టడం వంటివి ఉండవు గనుక సీటీ స్కాన్ సాధారణంగా మామూలుగానే వస్తుంది. రిపోర్టు నార్మల్ అన్న మాట పెద్దలకు ఊరటే గాని, పిల్లకు అక్కడే చిక్కు మొదలవుతుంది. ఇక తన బాధకు సాక్ష్యం తన నోటి మాట ఒక్కటే.

ఆ సాయంత్రం నుంచి ట్యూబ్‌లైటు వెలుతురుకు దుప్పటి ముసుగు పెట్టుకునేది, కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకునేది. సోషల్ పుస్తకంలో ఒకే పేరా పదేపదే చదివి, "పిన్నీ, అక్షరాలు కనబడుతున్నాయి గాని బుర్రకెక్కడం లేదు" అంది. అకారణంగా కోపం, కాసేపటికే ఏడుపు. ఇవన్నీ కంకషన్ లక్షణాలేనని డాక్టరు చెప్పేదాకా, చదువు తప్పించుకోవడానికి నటిస్తోందని బంధువులు అన్న మాటలు ఆ పిల్లను తలనొప్పి కంటే ఎక్కువ బాధించాయి.

మైదానంలో మాత్రం "బాగానే ఉన్నాను సార్" అన్నది తనే. జట్టులో చోటు పోతుందన్న భయం పిల్లల చేత ఆ మాట అనిపిస్తుంది. పైగా లక్షణాలు కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు. 2019లో లార్డ్స్ క్రికెట్ టెస్టులో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకు తగిలిన ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్ మళ్ళీ వచ్చి బ్యాటింగ్ చేశాడు. మర్నాటికి లక్షణాలు కనిపించడంతో అతని స్థానంలో లబుషేన్ దిగాడు. అంతటి ఆటగాడి విషయంలోనే అలా జరిగినప్పుడు, పద్నాలుగేళ్ళ పిల్ల తన స్థితిని తానే తేల్చుకోవాలనడం అన్యాయం. అనుమానం ఉంటే ఆ రోజు ఇక ఆడించకూడదు. వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టడం కూడా ఇప్పుడు సరికాదంటున్నారు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు మొదటి 24 నుంచి 48 గంటలు మాత్రం పనులు తగ్గించి, ఆపై నడక వంటి తేలికపాటి కదలికతో మొదలుపెట్టమన్నారు. బడికి పూర్తిగా అలవాటు పడ్డాకే, డాక్టరు అనుమతితో, ఒకరినొకరు ఢీకొనే ఆటకు వెళ్ళాలి. మా పిల్లను ఆ రోజుల్లో కోచ్ ప్రాక్టీసుకు పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని పాసులు లెక్కపెట్టమనేవారు. మందులకంటే అదే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం, ఎందుకంటే జట్టుకు దూరమయ్యానన్న దిగులు ఆ వయసులో చిన్నది కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆడుతోంది. తలతో బంతిని కొట్టే హెడర్‌కు ఎగరవలసిన చోట మాత్రం ఇంకా జంకుతోంది. ఆ సంగతి ఈసారి దాచకుండా తనే వెళ్ళి కోచ్‌కు చెప్పింది.