ఇసక పట్టిన టేపు

ఆదివారం పూట అమ్మ ఫ్యాన్ ఆపితే తప్ప నేను లేవను. ఈరోజు మాత్రం ఆరింటికే లేచి బండి తీశా. నిన్న ప్లాన్లు గీసే మా ఆఫీసు మూసేటప్పుడు సర్ ఒక పని తగిలించారు మరి. మా నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి పక్కన వాకింగ్ ట్రాక్, పార్కు, కూర్చునే చోట్లు, ఇట్టా ఏదో ఒక కాన్సెప్ట్ గీసి పెట్టుకుందాం, ఎవరన్నా అడిగితే చూపించొచ్చు అని. ఇప్పటిదాకా అడిగినోళ్ళు ఎవరూ లేరు, అది వేరే సంగతి.

వాట్సాప్‌లో ఎనిమిది ఫోటోలు పంపించారు, నాలుగు అహ్మదాబాద్ సబర్మతి రివర్‌ఫ్రంట్‌వి, రెండు సియోల్‌లో చాంగ్యేచాన్ వాగువి, మిగతా రెండు యాడివో తెలీదు కానీ నీలం లైట్లు, ఫౌంటెన్, ఊరి పేరు ముందు ఐ లవ్ అని రాసిన పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలు లేకపోతే ఇప్పుడు ఏ ఊరూ ఊరు కాదు కదా.

టేపు రెండో కొస పట్టుకోను తమ్ముణ్ణి లేపా, కారం దోశ పెట్టిస్తానంటే కానీ లేవలేదు వాడు. రథసప్తమి దాటింది కదా, పొద్దున చల్లగానే ఉంటాది కానీ ఎనిమిదయ్యేసరికి ఎండ చుర్రుమంటోంది, అందుకే ముందు కొలత, తర్వాతే దోశ అని చెప్పి లాక్కుపోయా.

చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు దిగామో ఆ మెట్లు, కానీ కొలవడం ఇదే మొదలు. కాలేజీలో చెప్పింది మెట్టు ఎత్తు 6 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు 12 అని. ఇక్కడ ఒకటి 7, దాని కిందది 9, ఇంకో రెండు దిగితే 10న్నర, చివర్లో ఒకటి సగం ఇసకలో కూరుకుపోయి 3 అంగుళాలే పైకి కనపడతా ఉంది. తమ్ముడు నవ్వతా ఉన్నాడు, ఏందక్కా ఇది మెట్లా లిఫ్ట్ బటన్లా అని. నేను పుస్తకంలో రాసుకుంటా ఉంటే ఒక పెద్దావిడ బిందె చంకన పెట్టుకుని దిగింది. నేరుగా దిగలేదు. పక్కకి తిరిగి, ఎడం చెయ్యి గోడకి ఆనించి, ముందు ఒక కాలు, ఆనక రెండో కాలు అదే మెట్టు మీదకి, అట్టా ఒక్కో మెట్టూ రెండు అడుగుల్లో. ఆ గోడ మీద సరిగ్గా ఆవిడ చెయ్యి పడే ఎత్తులో సున్నం పోయి నున్నగా నల్లగా అయిపోయి ఉంది, కింద దాకా ఒక చార లాగా. ఎన్నేళ్ళ చేతులో. రెయిలింగ్ ఏ ఎత్తులో పెట్టాలో ఆ చారే చెప్తోంది, కొలిస్తే 2 అడుగుల 9 అంగుళాలు వచ్చింది. రాసుకున్నా. ఈరోజు రాసుకున్న కొలతలన్నిట్లో నాకు నచ్చింది ఇదే.

పూలు అమ్మే అవ్వ దగ్గర కూర్చున్నాం కాసేపు. ఏం పాపా ఈ కొలతలు, మమ్మల్ని లేపేస్తారా అంది, మొదటి మాటే అది. లేదవ్వా ఊరికే బొమ్మ గీస్తాం అన్నా. బొమ్మ గీసినాకనే కదా లేపేది అంది. నా దగ్గర జవాబు లేదు, రెండు మూరలు మల్లెపూలు కొన్నా అంతే.

ఆమె మాట ఊరికే పోయేది కాదు. సర్‌కి దేవుడి లాంటి ఆ సబర్మతి ప్రాజెక్టు చూడ్డానికి బాగానే ఉంటాది, రెండు ఒడ్ల మీదా పదేసి కిలోమీటర్లు దాటి నడకదారి, మురుగు నదిలో కలవకుండా పైపులు, 2012లో జనానికి తెరిచారు. కానీ అది కట్టడానికి ఒడ్డున ఉన్న వేల కుటుంబాలని ఊరి చివరికి తరలించాల్సి వచ్చింది, అక్కడ ఆదివారం సంత కూడా జరిగేది నది ఒడ్డునే, దాన్నీ జరిపి వేరే చోటు చూపించారు. నదిని కూడా అటూ ఇటూ గోడలు కట్టి పొడుగునా ఒకే 263 మీటర్ల వెడల్పుకి తెచ్చారు, లోపల నిలిచే నీళ్ళు నర్మద కాలవ నుంచి తెచ్చినవి. సియోల్ వాగు కూడా అంతే, పైన ఉన్న ఫ్లైఓవర్ కూలగొట్టి 2005లో 5.8 కిలోమీటర్లు తెరిచారు, మంచి పనే, కానీ అందులో పారేది ఎక్కువగా హాన్ నది నుంచి పంపులతో తోడి పోసే నీళ్ళే. తప్పని అనట్లా. ఆ ఊళ్ళ లెక్క ఆ ఊళ్ళది. మన పెన్న లెక్క వేరే, నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు వచ్చి మన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఏరు ఇది, ఏడాదిలో చాలా నెలలు ఇసకే, వచ్చినప్పుడు మాత్రం ఊరు మీదకి వస్తాది.

అవ్వ చెప్పింది, చిన్నప్పుడు ఎండాకాలం ఏట్లో చెలమ తీసి నీళ్ళు తెచ్చుకునే వాళ్ళంట, చేత్తో మోచెయ్యి లోతు తోడితే ఊరేవి, తేటగా. సాయంత్రం అయితే ఇసకలోనే పిల్లల ఆటలు, పెళ్ళి మాటలు, పంచాయితీలు అన్నీ. అంటే పార్కు ఎప్పుడూ ఉంది అక్కడ, దానికి పేరు లేదు, గేటు లేదు, టికెట్ లేదు. ఇసక పోయింది, చెలమ పోయింది, సర్కారు తుమ్మ మొలిచింది.

తిక్కన ఈ ఒడ్డునే కూర్చుని భారతం రాశాడని మా ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు. 13వ శతాబ్దం, నెల్లూరుని ఏలిన మనుమసిద్ధి కాలం, విరాటపర్వం నుంచి మొదలుపెట్టి 15 పర్వాలు. సర్ కాన్సెప్ట్‌లో ఆయనకి ఒక విగ్రహం, చుట్టూ గ్రానైట్, దాని చుట్టూ గొలుసు. 15 పర్వాలు రాసేంత సేపు కూర్చోను ఆయనకి ఒక నీడ దొరికింది అప్పుడు, నాకు ఈరోజు పుస్తకంలో 15 లైన్లు రాసుకోను దొరకలా, ఎండలో సిమెంటు బెంచీ మీద కూర్చుంటే ప్యాంటు కాలింది నిజంగా.

తొమ్మిదిన్నరకి లెక్కేశా, మాకు కనపడేంత మేర 23 మంది ఉన్నారు, అందులో 17 మంది రావి చెట్టు నీడలో, నలుగురు గుడి గోడ నీడలో, ఇద్దరు ఫోన్ మాట్లాడుకుంటా ఎండలో, వాళ్ళకి ఎండ తెలిసినట్టు లేదు. బెంచీలు ఆరు, ఆరూ ఖాళీ. పెట్టినవాళ్ళు ప్లాన్‌లో వరస చూసుకున్నారు కానీ నీడ ఎటు పడతాదో చూసుకోలా. విలియం వైట్ అని ఒకాయన 1970ల్లో న్యూయార్క్‌లో కెమెరాలు పెట్టి ఇదే పని చేశాడు, జనం యాడ కూర్చుంటారు, ఎందుకు కూర్చుంటారు అని. ఆయన తేల్చింది వింటే నవ్వొస్తాది, కూర్చోను చోటుంటే కూర్చుంటారు అని. కానీ ఆ మాట పట్టుకునే అక్కడ బ్రయంట్ పార్క్ అనే పాత పార్కుని మార్చారు, గంజాయి అమ్మేవాళ్ళ అడ్డా అయిపోయిన పార్కు అది, రోడ్డుకి కనపడకుండా అడ్డం ఉన్న పొదలు తీసేసి, లోపలికి దారులు పెంచి, ఎటు కావాలంటే అటు జరుపుకునే వేలాది కుర్చీలు వేసి 1992లో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు ఆడవాళ్ళు ఒక్కళ్ళే వచ్చి కూర్చుంటారంట. తమ్ముడికి చెప్తే, మన దగ్గర జరుపుకునే కుర్చీలు వేస్తే ఏటి అవతల కోవూరు దాకా జరుపుకుంటారక్కా అన్నాడు. పోనీ అరుగులు వేద్దాం, జరగవు. రావి చెట్టు చుట్టూ అరుగు అనేది మనకి కొత్తగా ఎవరూ నేర్పక్కర్లా.

సర్‌కి మాత్రం రాయల్ పామ్‌లంటే ప్రాణం. కరెంటు స్తంభమూ అదీ ఒకటే నీడ ఇస్తాయి. నేను తెల్లమద్ది, కానుగ రాసుకున్నా, ఏటి ఒడ్డున వాటంతట అవే పెరిగేవి, నాలుగు రోజులు మొదలు దగ్గర నీళ్ళు నిలిచినా చావవు.

దోశ తిని ఇంటికొచ్చేసరికి పదకొండు. నాన్న వసారాలో పేపరు చదువుతున్నాడు. నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైర్ అయ్యాడు, కాలవ గట్ల మీదే ముప్పై ఏళ్ళు. నా స్కెచ్ చూపించా, కింది మెట్ల దగ్గర ఫుడ్ కోర్టు, టాయిలెట్లు, పిల్లల ఆట సామాన్లు అన్నీ ఏటి వైపే వేశాం, వ్యూ బాగుంటాదని. కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, అమ్మీ, 2021లో నీళ్ళు యాడిదాకా వచ్చినాయో చూసినావా అన్నాడు. చూళ్ళేదు అన్నా. పా, చూపిస్తా అన్నాడు.

వరద ఆపే పొర్లుకట్ట వైపు మా మేనత్త వాళ్ళిల్లు ఉంది. అందరికీ గుర్తే కదా, ఆ నవంబరులో పైన, పెన్నలో కలిసే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్న నిండుగా వచ్చింది, పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, ఊళ్ళో ఒడ్డు పక్క కాలనీలు మునిగినాయి. మేనత్త వాళ్ళు గోడకి రెండుసార్లు రంగు వేయించారు, అయినా హాల్లో నా ఛాతీ ఎత్తున ఒక గోధుమరంగు గీత వస్తానే ఉంది లోపలి నుంచి, ఫ్యాన్ రెగ్యులేటర్ కింద సరిగ్గా. నాన్న ఆ గీత మీద వేలు పెట్టి, మీ టాయిలెట్లు ఎంత ఎత్తున వేసినారు అన్నాడు. ఈ గీత కంటే దాదాపు 8 అడుగులు కింద. అత్త కాఫీ ఇచ్చింది, ఆ సంగతి మాట్లాడలేదు, పాత ఆల్బంలన్నీ అప్పుడే పోయినాయి ఆమెవి.

ఇంటికొచ్చి మొత్తం మళ్ళీ వేసుకున్నా. నెదర్లాండ్స్‌లో నైమేగన్ అని ఒక ఊరు, వాల్ నది పక్కన. 1995లో వరద భయానికి ఆ దేశంలో రెండున్నర లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించారు, ఆ తర్వాత వాళ్ళు కట్ట ఎత్తు పెంచి ఊరుకోలా, కట్టనే 350 మీటర్లు వెనక్కి జరిపారు, ఏటికి పక్కన ఇంకో పాయ తవ్వారు, మధ్యలో తేలిన లంకని పార్కు చేశారు, 2016కల్లా అయిపోయింది. మామూలు రోజుల్లో అక్కడ ఈతలు, పడవలు, వరదొస్తే ఆ చోటు ఏటిదే. ఇళ్ళు వాళ్ళూ తీయాల్సొచ్చింది, ఏభై దాకా, ఊరికే రాలేదు అది కూడా. మనకి అంత జాగా లేదు, పొర్లుకట్ట ఆనుకునే ఇళ్ళు. కానీ ఒక్కటి చేయొచ్చు, మునిగేచోట మునిగినా ఏం కానివే పెట్టడం, రాతి మెట్లు, ఇసక, చెట్లు, ఆడుకునే ఖాళీ జాగా. కరెంటుది, తలుపుది, తాళంది ఏదున్నా కట్ట మీద. అప్పుడు పైనుంచి కిందికి ర్యాంపు కావాలి, మేం కొలిచిన చోట 12 అడుగుల దిగుడు, అడుగుకి 12 అడుగుల లెక్కన 144 అడుగుల పొడుగు, మధ్యలో ఆగేచోట్లు వేరే. మడత పెట్టి వేస్తే పడతాది. వీల్‌చైర్ కోసమే కాదు, బిందె ఆవిడకి కూడా.

సాయంత్రం ఊరికే స్వర్ణాల చెరువు వైపు పోయాం, బారాషహీద్ దర్గా దగ్గర. రొట్టెల పండగకి ఇంకా చాలా నెలలుంది కాబట్టి ఖాళీగా ఉంది, గాలి బాగుంది. మొహర్రం అప్పుడు చూడాలి ఇక్కడ, లక్షల్లో జనం, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, చదువు రొట్టె, కోరిక తీరినోళ్ళు ఇస్తారు, కావాల్సినోళ్ళు తీసుకుంటారు. నేను డిగ్రీ అయినాక ఉద్యోగం రొట్టె తీసుకున్నా, తిన్నా, ఈ ఉద్యోగమే వచ్చింది, కాబట్టి సర్‌ని మరీ ఎక్కువ తిట్టకూడదు. కానీ ఒడ్డున నిలబడి చూస్తే అర్థమయింది, ఈ పండగ జరగాలంటే ఒడ్డు వాలుగా నీళ్ళలోకి దిగాలి, మోకాలి లోతు అనేది నిలకడగా ఉండాలి. నిటారుగా గోడ కట్టి పైన నెక్లెస్ రోడ్డు వేస్తే ఫోటో బాగుంటాది, రొట్టె ఇచ్చేవాడు గోడ మీద, పుచ్చుకునేవాడు యాడ?

రాత్రి సర్ ఫోన్ చేశారు, ఫౌంటెన్ ఏదమ్మా అని. తీసెయ్యలేదు సర్, కనపడకుండా డ్రాయింగ్‌లో దాని లేయర్ ఆఫ్ చేశా అన్నా. ఆన్ చెయ్యి ఒకసారి అన్నారు. చేశా, చూసుకున్నారు, ఊఁ అన్నారు, పెట్టేశారు. ఏ ఊఁ అనేది రేపు తెలుస్తాది.

టేపు మాత్రం పోయేటట్టుంది. పొద్దున ఇసకలో పడేశాడు మా వాడు, 3 మీటర్ల దగ్గర ఆగిపోయి లోపలికి చుట్టుకోవట్లా. వసారాలో పేపరు పరిచి, పాత టూత్ బ్రష్‌తో అంగుళం అంగుళం రుద్దతా కూర్చున్నా, పేపరు మీద చారెడు ఇసక పడింది. పారెయ్యబోతే అమ్మ అరిచింది, ఉంచమ్మీ, కరివేపాకు కుండీలో వేస్తా అని.