బీకరు, దారం, బ్యాలెన్స్

ఎలుక మూత్రపిండం ఎంత ఉంటుంది? ఒక ఘన సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూ. దాన్ని కొలజాడీలో వేసి నీటిమట్టం చూస్తే లాభం లేదు, తేడా రెండు గీతల మధ్యే పోతుంది. డెన్మార్క్‌లో, ఆర్హూస్‌లోని మా ల్యాబులో వేరేలా చేస్తాం. బీకరులో సెలైన్ పోసి, బ్యాలెన్స్ మీద పెట్టి సున్నా చేస్తాం. మూత్రపిండాన్ని సన్నని దారానికి కట్టి, స్టాండు నుంచి వేలాడదీసి పూర్తిగా ముంచుతాం. అడుక్కీ అంచుకీ తగలకూడదు. అప్పుడు కనిపించే గ్రాములే పక్కకి జరిగిన సెలైన్ బరువు. దాన్ని సెలైన్ సాంద్రతతో, అంటే ఘన సెంటీమీటరుకి సుమారు 1.005 గ్రాములతో భాగిస్తే ఘనపరిమాణం వచ్చేస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రమే. అవయవాలకి పనికొచ్చేలా షెర్లే అనే శాస్త్రవేత్త 1970లో దీన్ని రాసిపెట్టాడు.

కష్టమంతా చేతిలో ఉంది. చుట్టూ ఉన్న కొవ్వు శుభ్రంగా తీయాలి. ఫిల్టర్ పేపరు మీద ప్రతిసారీ ఒకేలా అద్దాలి. రక్తనాళాలు లోపలికెళ్లే గుంటలో గాలిబుడగ దాక్కుంటుంది, అది ఉంటే గాలిని కూడా కణజాలంగా లెక్కేసినట్టే. ఇదంతా కణజాలాన్ని పారఫిన్ మైనంలో పొదగడానికి ముందే అయిపోవాలి, తర్వాత కణజాలం బాగా కుంచించుకుపోతుంది.

రెండో దారి కావలియేరి పద్ధతి. సమాన మందంతో ముక్కలు కోసి, వాటిమీద చుక్కల గ్రిడ్ పరిచి, కణజాలం మీద పడ్డ చుక్కలు లెక్కపెట్టి, దాన్నిబట్టి ఘనపరిమాణం అంచనా వేయడం. జీవశాస్త్రంలో దీన్ని నిలబెట్టినవాళ్లలో ఆర్హూస్‌కే చెందిన హాన్స్ యోర్గెన్ గుండర్సెన్ ముఖ్యుడు. మొదటి కోత ఎక్కడ పడాలో మన ఇష్టం కాదు, ర్యాండమ్ నంబరు చెప్పాలి. ఏ ఎలుకకి మందిచ్చారో లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదు. ప్రొఫెసర్ లెక్కనైనా ఇంకొకరు మళ్లీ చూడాల్సిందే, ఆయనే అడిగి చూపించుకుంటాడు. నేను చదువుకున్న చోట సార్ చెప్పిన అంకెని మళ్లీ కొలుస్తాననే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఈ దేశంలో నాకు బాగా నచ్చింది ఇదే.

గుంటూరులో చదువుతున్న మా జూనియర్ ఒకమ్మాయి, ల్యాబులో పరికరాలేం లేవని బాధపడుతూ ఫోన్ చేసింది. మంచి బ్యాలెన్స్ ఉంటే చాలమ్మా అని ఈ పద్ధతి చెప్పాను. మర్నాడే మెసేజ్: "అన్నా, ఊపిరితిత్తి తేలిపోతోంది, ఎలా?"

సన్నని తీగతో కిందికి నొక్కి పట్టుకో, రీడింగ్ సరిగ్గానే వస్తుంది. తీగ ఎంత లోతు మునిగిందో గుర్తు పెట్టి, దాన్ని విడిగా అంతే ముంచి కొలిచి తీసెయ్ అన్నాను.