గెలాతి మరియతల్లి దగ్గర మొక్కు తీర్చుకున్నాను

మా చిన్నమ్మాయి జార్జియాలోని కుతైసిలో మెడిసిన్ చదువుతోంది. పోయిన చలికాలం దానికి నిమ్ము చేసి ఆసుపత్రిలో పడితే, నేను గుణదల కొండ మీద మోకరించి ఏడ్చాను. "తల్లీ, బిడ్డ లేచి తిరిగితే అక్కడి నీ గుడికే వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తాను." బిడ్డ లేచింది, నేను వెళ్లాను.

కుతైసి దగ్గర కొండవాలు మీద గెలాతి మఠం ఉంది. 1106లో జార్జియా రాజు దావీదు మొదలుపెట్టిన ఈ పెద్ద గుడిని ఆయన కొడుకు దెమెత్రే పూర్తి చేశాడు. మరియమ్మ జన్మదినం పేరిట కట్టిన గుడి. మనకు సెప్టెంబరు 8న వచ్చే ఆ పండగ పాత (జూలియన్) క్యాలెండర్ ప్రకారం అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు 21న. మేం సరిగ్గా ఆ రోజే వెళ్లాం.

అబ్బ, ఏం జనం! ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్లే ముందంతా. మొక్కుకున్నవాళ్లకు దారి ఏది? అక్కడ ఆరాధన అంతా నిలబడే. నా మోకాళ్లు లాగేస్తుంటే టెన్షన్ పట్టుకుంది. గోడ పక్క బల్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను చూసి లేచి, చెయ్యి పట్టి తన చోట కూర్చోబెట్టింది. ఒద్దంటే వినదే! కాసేపయ్యాక తనే జనాన్ని తోసుకుంటూ నన్ను ముందుకు తీసుకెళ్లింది, సన్నటి మైనపు కొవ్వొత్తి ఒకటి చేతిలో పెట్టింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. మా అమ్మాయిని చూపించి దండం పెట్టాను. ఆమెకు అర్థమైంది, దాని తల నిమిరింది.

మరమ్మతుల ఇనుప గొట్టాల సందులోంచి అప్పుడు కనిపించింది తల్లి. బలిపీఠం పైన, బంగారు వన్నె మీద నీలి వస్త్రాల్లో నిలబడి, చేతుల్లో బాలయేసు, అటూ ఇటూ మిఖాయేలు, గబ్రియేలు. చిన్న చిన్న ముక్కలు పొదిగి చేసిన 12వ శతాబ్దపు పని అది. 1510లో ఒట్టోమన్ సైన్యం మఠాన్ని తగలబెట్టినా ఆ ముఖం చెక్కుచెదరలేదు. నేను చూసింది రెండు నిమిషాలు కూడా కాదు, వెనకనుంచి తోసేశారు. చాలు తల్లీ, చాలు.

ఈ మధ్య కప్పు పనుల తర్వాత వాననీరు దిగి గోడల మీది పాత చిత్రాలు పాడయ్యాయి. చూస్తే కడుపు తరుక్కుపోయింది. అవి బాగుపడాలని మీరూ ప్రార్థించండి.

దక్షిణ ద్వారంలో దావీదు రాజు సమాధి ఉంది. పక్కనే 1139లో దెమెత్రే గంజా అనే నగరం నుంచి తెచ్చిన ఇనుప తలుపు. గుడికి వచ్చేవాళ్లంతా తన మీదుగానే నడవాలని ఆ రాజు కోరుకున్నాడట. అంత గొప్పవాడి మీద కాలెలా పెట్టను? పక్కగా ఒదిగి పోబోతుంటే, "ఆయనే అడిగాడు కదమ్మా" అంది మా అమ్మాయి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆ రాయి మీదుగా నడిచాను.