‘ది సూపర్‌నాచురల్’ సాధన: నిలవని ఆ ఒక్క స్వరం

పెడల్ సాయం లేకుండా, ఆంప్ (గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) ముందు నిలబడి పుట్టించిన ఫీడ్‌బ్యాక్‌తోనే, అంటే స్పీకర్ ధ్వని తీగను తిరిగి కదిలించడంతోనే, ‘ది సూపర్‌నాచురల్’ అనే గిటార్ కృతిలోని ఆ పొడవాటి స్వరం ఈ వారం ఎనిమిది సెకన్ల పాటు నిలిచింది. ఆ తర్వాత మళ్లీ పై స్థాయికి ఎగిరిపోయింది. ఎనిమిది సెకన్లు దక్కినందుకు సంతోషం, అక్కడే ఆగినందుకు విసుగు రెండూ ఉన్నాయి.

ఇంగ్లిష్ బ్లూస్ గాయకుడు జాన్ మేయాల్ బృందం బ్లూస్‌బ్రేకర్స్ 1967 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘ఎ హార్డ్ రోడ్’ ఆల్బమ్‌లోని గిటార్ భాగాలనే నేను వరుసగా నేర్చుకుంటున్నాను. ఎరిక్ క్లాప్టన్ క్రీమ్ బృందం కోసం వెళ్లిపోయాక ఆ స్థానంలోకి వచ్చిన పీటర్ గ్రీన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. డ్రమ్స్ వద్ద హ్యూయీ ఫ్లింట్ బదులు ఏన్‌స్లీ డన్‌బార్ కూర్చున్నారు. క్లాప్టన్‌తో చేసిన ఆల్బమ్ 1966 జూలైలోనే వచ్చినందున ప్రతి శ్రోతా పోల్చి చూసే పరిస్థితిలో, గ్రీన్ తాను కూర్చిన ఈ వాద్యకృతిలో వేగాన్ని పూర్తిగా పక్కనపెట్టి ఒక్కో స్వరాన్ని సాగదీసి నిలిపారు. ఆల్బమ్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ధైర్యమైన పనిగా తోచేది ఇదే.

అదే ఆల్బమ్‌లోని మరో వాద్యకృతి ‘ది స్టంబుల్’ నా చేతిలో రికార్డులో ఉన్న వేగానికి అందింది.

‘ది సూపర్‌నాచురల్’ కోసం నేను పరీక్షిస్తున్నది రెండో తీగ పదో ఫ్రెట్ (మెట్టు), అంటే 440 హెర్ట్జ్. ఎపిఫోన్ లెస్ పాల్ గిటార్, నెక్ పికప్ (గిటార్ మెడ వైపున తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగం), 15 వాట్ల ట్యూబ్ ఆంప్, 12 అంగుళాల స్పీకర్. ఆంప్‌కు మీటరు దూరంలో ఫోన్ మీటర్ 98 డెసిబెల్స్ చూపే వరకు స్వరం దానంతటదే ఆరు సెకన్లలో చచ్చిపోతుంది. 103 దగ్గర గాలి తీగను తిరిగి కదిలించడం మొదలవుతుంది. స్పీకర్‌కు 80 సెంటీమీటర్ల దూరంలో మూలస్వరం నిలుస్తుంది కానీ కొద్దిసేపటికే పికప్ కీచుమంటుంది. 120 సెంటీమీటర్లకు జరిగితే రెండు సెకన్లలోనే స్వరం పై స్థాయికి మారుతుంది.

గది 30 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు 440 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం దాదాపు 79 సెంటీమీటర్లు, పై స్థాయిది అందులో సగం. కాబట్టి నేను 40 సెంటీమీటర్లు వెనక్కి జరిగినప్పుడు మూలస్వరానికి ఎదురుతిరిగే అదే గాలి పై స్థాయికి మాత్రం తోడు నిలుస్తోందని నా అంచనా. దూరం లెక్క దీనితో సరిపోతోంది గానీ, ఎనిమిదో సెకనులో అదే చోట నిలబడి ఉన్నా స్వరం ఎందుకు ఎగురుతుందో ఇది చెప్పదు. వైబ్రాటో కోసం తీగను వంచినప్పుడు శ్రుతి కాస్త పెరిగి గది అనుకూలించే మేర దాటిపోతోందేమోనన్నది ఒక అనుమానం. వేలు కదపకుండా పట్టినప్పుడు రెండు సెకన్లు అదనంగా దక్కడం ఆ అనుమానానికి బలమిస్తోంది. పక్క గోడ నుంచి తిరిగివచ్చే ధ్వని కూడా కారణం కావచ్చు, ఎందుకంటే అక్కడ పరుపు నిలబెట్టినప్పుడు కీచుదనం తగ్గింది.

ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ పెడల్ పెడితే స్వరం ఇంకాసేపు సాగుతుంది, కానీ అందులో ఆ ఉబ్బు, ఆ ప్రమాదం ఉండవు. ఈ పనికి మోడలింగ్ ఆంప్‌ను (ఆంప్‌ల ధ్వనిని డిజిటల్‌గా అనుకరించేదాన్ని) హెడ్‌ఫోన్లలో వాడటం నాకు అర్థరహితంగా తోస్తుంది; తీగను కదిలించే గాలే అక్కడ లేదు. తీగల విషయంలో డడారియో 10ల నుంచి కాస్త మందమైన 11లకు మారాక మూలస్వరం స్పష్టంగా గట్టిపడింది, వెనక్కి వెళ్లను.

ఇక నెక్ పికప్‌ను మైనంలో ముంచి కీచుదనాన్ని అణచాలి, ఆ తర్వాత ఆంప్‌ను నేల మీద నుంచి కుర్చీ ఎత్తుకు లేపి అవే దూరాలను మళ్లీ కొలవాలి. గ్రీన్ లెస్ పాల్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండేదన్నది గిటార్ వాయించేవారికి తెలిసిందే. నా రెండో గిటార్‌లో ఆ మార్పు చేసి, రెండు పికప్‌లూ కలిసినప్పుడు కింది స్వరాలు పలచబడటం ఫీడ్‌బ్యాక్‌ను ఎటు నెడుతుందో చూడాలని ఉంది. ఈలోగా అదే ఆల్బమ్‌లో గ్రీన్ స్వయంగా పాడిన ‘ద సేమ్ వే’ మొదలుపెడుతున్నాను.